ఆర్కిటెక్ట్ మీద ఫిర్యాదు చేస్తే కౌన్సిల్లో ఎవరు చూస్తారు, ఎవరు తేలుస్తారు?

ప్రశ్న – గుంటూరు నుంచి ఒక గృహిణి

నమస్కారమండీ. పోయినేడు నూట అరవై గజాల్లో ఇల్లు కట్టుకున్నాం, కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను. మెట్లు మలుపు తిరిగే చోట బీమ్ తలకి తగులుతోంది. మావారు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు ఉంటారు, రోజూ వంగే ఎక్కుతారు. గృహప్రవేశం నాడు మా మావయ్యగారికి నుదురు చిట్లి, వ్రతం పీటల మీద కట్టుతోనే కూర్చున్నారు. ఆర్కిటెక్ట్‌ని అడిగితే మేస్త్రి సెంట్రింగ్ తప్పు కొట్టాడన్నారు. డ్రాయింగ్ తీసి చూస్తే అందులోనే అక్కడ ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలని ఉంది.

ఇంకో విషయం. టైల్స్ ఫలానా షాపులోనే కొనాలని ఆయన పట్టుబట్టారు. మొన్న ఆ బిల్లు తీస్తే వెనకవైపు పెన్సిల్‌తో "ఆర్కి. 7%" అని కనబడింది.

ఢిల్లీలో ఉన్న కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ప్రెసిడెంటుకి ఒక లెటర్ రాస్తే లైసెన్స్ పీకేస్తారని మా తమ్ముడు అంటాడు. కమిటీల్లో పడితే మన జన్మలో తేలదని పక్కింటివాళ్లు. ఏది నిజం? ఎవరికి రాయాలి?

జవాబు – హైదరాబాద్‌లో ప్రాక్టీసు చేసే ఆర్కిటెక్టు

అమ్మా, ముందుగా ఆయన నిజంగా రిజిస్టరైన ఆర్కిటెక్టేనా చూడండి. డ్రాయింగ్ మీద స్టాంపులో "సీఏ" అని, తర్వాత సంవత్సరం, తర్వాత ఒక నంబరు ఉంటాయి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టినా తెలుస్తుంది. ఆ నంబరు లేకపోతే కథ వేరు. కౌన్సిల్ తన రిజిస్టరులో ఉన్నవాళ్ల నడతనే విచారించగలదు. లేనివాళ్లు ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకుంటే అది ఆర్కిటెక్ట్స్ చట్టం 37వ సెక్షన్ కింద నేరం. అయితే ఆ సెక్షన్ ఆపేది ఆ పేరు వాడుకోవడాన్నే కానీ, ప్లాన్లు గీసే పనిని కాదని సుప్రీంకోర్టు 2020 మార్చిలో చెప్పింది. మా వృత్తిలో చాలామందికి ఆ తీర్పు మింగుడుపడలేదు. ఇల్లు కట్టుకునేవాళ్లకి మాత్రం అది తెలిసి ఉండాలి.

ఇక మీ తమ్ముడి మాట. ప్రెసిడెంటు ఒక్కడే ఎవరి పేరూ తీసేయలేడు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ఆ అధికారం ఏ ఒక్కరి చేతిలోనూ పెట్టలేదు, మొత్తం కౌన్సిల్‌కి ఇచ్చింది. అందులో ఎవరెవరుంటారంటే: ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ ఎన్నుకున్న ఐదుగురు, ఆర్కిటెక్చర్ కాలేజీల అధిపతులు తమలోంచి ఎన్నుకున్న ఐదుగురు, ఏఐసీటీఈ (సాంకేతిక విద్యకి అఖిల భారత మండలి) నామినేట్ చేసే ఇద్దరు, రక్షణ, రైల్వే శాఖల చీఫ్ ఆర్కిటెక్టులు, సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) ఆర్కిటెక్చర్ విభాగం అధిపతి, కేంద్రం తరఫున ఒకరు, ప్రతి రాష్ట్రం నుంచీ ఒక ఆర్కిటెక్టు. అంటే ఆంధ్రప్రదేశ్‌కి ఒకరు, తెలంగాణకి ఒకరు. ఇంజనీర్ల సంస్థ నుంచి ఇద్దరు, సర్వేయర్ల సంస్థ నుంచి ఒకరు కూడా కూర్చుంటారు. ఇల్లు కట్టించుకునే మనిషికి మాత్రం అందులో ఒక్క కుర్చీ లేదు. ఇది పెద్ద లోటని ఎన్నాళ్లుగానో నా బాధ.

ఎన్నికైనవాళ్లకి, నామినేట్ అయినవాళ్లకి పదవీకాలం మూడేళ్లు. తగిన కారణం లేకుండా వరసగా మూడు మామూలు సమావేశాలకి రాకపోతే సీటు పోయినట్టే. ప్రెసిడెంటునీ వైస్ ప్రెసిడెంటునీ వీళ్లే తమలోంచి ఎన్నుకుంటారు. కోరం, అంటే సమావేశం చెల్లాలంటే ఉండాల్సిన కనీస సంఖ్య, తొమ్మిది మంది. వచ్చి ఓటేసినవాళ్లలో మెజారిటీ ఎటుంటే అటే తీర్మానం. ఓట్లు సమానమైతే అధ్యక్ష స్థానంలో ఉన్నవారు ఇంకో ఓటు వేస్తారు.

ఇంతమంది తరచూ కలవలేరు కాబట్టి ఎగ్జిక్యూటివ్ కమిటీ ఉంటుంది. ప్రెసిడెంటు, వైస్ ప్రెసిడెంటు కాక కౌన్సిల్ ఎన్నుకున్న ఐదుగురి నుంచి ఏడుగురి దాకా అందులో ఉంటారు. ఇవి కాక ఏ పనికి కావాలంటే ఆ పనికి వేరే కమిటీలు వేసుకునే వీలు కూడా 10వ సెక్షన్ ఇచ్చింది. మీ ఫిర్యాదు లాంటివాటిని విచారించేది డిసిప్లినరీ కమిటీ.

కాగితం నడిచే దారి ఇదీ. మీ ఫిర్యాదు రిజిస్ట్రార్ దగ్గరికి చేరుతుంది. కౌన్సిల్‌కి కార్యదర్శి ఆయనే. నమూనా ప్రకారం లేకపోతే తిప్పి పంపిస్తారు. ఉంటే ఆ ఆర్కిటెక్టుకి ఒక కాపీ వెళ్తుంది, ఆయన రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ రెండూ కౌన్సిల్ ముందుకొస్తాయి. పైచూపుకి ఇందులో పస ఉందని కౌన్సిల్ అనుకుంటే డిసిప్లినరీ కమిటీకి పంపుతుంది. కమిటీ ఇద్దరి మాటా విని, కాగితాలు చూసి నివేదిక రాస్తుంది. ఆ నివేదిక మీద చివరి మాట మళ్లీ కౌన్సిల్‌దే. మందలించి వదిలేయొచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపించొచ్చు, రిజిస్టరులోంచి పేరే తీసేయొచ్చు.

చూశారా, మీ కాగితం కౌన్సిల్ గుమ్మం రెండుసార్లు తొక్కాలి. చట్టం ప్రకారం కౌన్సిల్ ఆరు నెలలకి ఒకసారైనా కలవాలి. అంతకంటే ఎక్కువసార్లు కలవొచ్చు, కలవకపోయినా తప్పులేదు. పక్కింటివాళ్లు "తేలదు" అనడానికి అసలు కారణం ఇదే. ఏడాది దాటినా కంగారు పడకండి, కానీ రిజిస్ట్రార్‌కి రాసి "ఏ దశలో ఉంది" అని అడుగుతూ ఉండండి.

అడ్డు ప్రశ్న – గుంటూరు గృహిణి

సీఏ నంబరు ఉందండీ, వెబ్‌సైట్‌లో పేరూ కనబడింది. ఏడాదంటే టెన్షన్‌గానే ఉంది. ఆ బీమ్ కొట్టించి సరిచేయడానికి రెండు లక్షలు పైనే అవుతుందన్నారు. ఆ డబ్బు ఇప్పిస్తారా?

జవాబు – హైదరాబాద్ ఆర్కిటెక్టు

కౌన్సిల్ నుంచి డబ్బు ఆశించకండమ్మా. నష్టం రాబట్టుకోడానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. అక్కడ రెండేళ్ల గడువుంది, కౌన్సిల్ తేల్చేదాకా ఆగితే అది కాస్తా దాటిపోవచ్చు. రెండూ వేరువేరుగా నడుస్తాయి, ఒకదానికోసం ఇంకోటి ఆపొద్దు. గడువు ఎప్పట్నుంచి లెక్కో అక్కడి లాయరు చేత చూపించుకోండి.

ఫిర్యాదులో రెండు విషయాలూ విడివిడిగా రాయండి. వృత్తి నడతకి 1989లో వచ్చిన నిబంధనలున్నాయి. చేతనైనంతలో ఉన్నత స్థాయి సేవ అందించాలని అందులో ఉంది, బీమ్ సంగతి దాని కిందికి వస్తుంది. క్లయింట్లనో పనినో చూపించినందుకు కమీషన్లు, కానుకలు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదని కూడా ఉంది. టైల్స్ సంగతి దీని కిందికి.

కొన్నేళ్ల కిందట మాకు తెలిసిన దంపతులు నలభై పేజీల ఫిర్యాదు రాసుకొచ్చారు. "మమ్మల్ని నమ్మించి ముంచాడు" అన్న మాట పేజీ పేజీకీ ఉంది. ఫీజు ఏ రోజు ఎంత ఇచ్చారో ఒక్కచోటా లేదు. డిసిప్లినరీ కమిటీలో కూర్చున్నవాళ్లు మీ ఇల్లు చూడలేదు, మావయ్యగారి నుదురు చూడలేదు. వాళ్లకి కనబడేది కాగితమే. ఆ దంపతులతో కూర్చుని ఆరు పేజీలకి దించాం, ప్రతి మాట పక్కన ఒక తేదీ, ఒక జతపత్రం. మీ ఆర్కిటెక్టు "మేస్త్రి తప్పు" అనే అంటారు, ఇది ఖాయం. అందుకని మెట్ల సెక్షన్ డ్రాయింగ్ కాపీ మీద ఆ కొలత దగ్గర ఎర్ర సిరాతో సున్నా చుట్టండి. టేపు పెట్టి అదే చోట కొలుస్తూ ఫోటో తీయించండి, టేపు మీద అంకె చదవడానికి వచ్చేలా.

మధ్యలో ఒక మాట – విజయవాడ నుంచి, ఆర్కిటెక్చర్ కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరర్

సార్ చెప్పింది కాలేజీల విషయంలోనూ అంతే. మా కాలేజీకి ఇన్‌స్పెక్టర్లు వస్తే పిల్లల తల్లిదండ్రులు "వాళ్లు గుర్తింపు తీసేస్తారా" అని ఫోన్లు చేస్తారు. ఇన్‌స్పెక్టర్లని నియమించేది ఎగ్జిక్యూటివ్ కమిటీ. వాళ్లు చూసింది రాసి ఇవ్వడం వరకే, కాలేజీని నడిపించడంలో వేలు పెట్టే హక్కు లేదు. డిగ్రీ గుర్తింపు రద్దు కావాలంటే కౌన్సిల్ కూడా నేరుగా చేయలేదు, ఆఖరి ఉత్తర్వు కేంద్ర ప్రభుత్వానిది. ఆర్కిటెక్చర్ చదువు ప్రమాణాల్లో ఏఐసీటీఈ మాట కాదు, కౌన్సిల్ మాటే చెల్లుతుందని 2019 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి, బీ.ఆర్క్‌లో చేరే ముందు ఆ కాలేజీకి కౌన్సిల్ అనుమతి, సీట్ల సంఖ్య చూసుకోండి.

గృహిణి గారూ, మన రాష్ట్రం నుంచి వెళ్లిన సభ్యుడికి చెప్పి పని చేయించుకోవచ్చని ఎవరైనా అంటే వినకండి. ఆయన మీ తరఫు వకీలు కాదు. రేపు ఆ తీర్మానం మీద ఓటేసే మనిషి. ముందే కలిస్తే అవతలివాళ్లు దాన్నే పట్టుకుంటారు.

గుంటూరు గృహిణి

మంచిమాట చెప్పారండీ, మా తమ్ముడు ఆ ప్రయత్నంలోనే ఉన్నాడు, ఇప్పుడే ఆపాను. ఫిర్యాదు మొదటి వాక్యం ఇలా రాశాను: "పైన తెలిపిన ఆర్కిటెక్టు మోసగాడు, అతని లైసెన్సు రద్దు చేయవలసిందిగా ప్రార్థన." బాగుందా?

హైదరాబాద్ ఆర్కిటెక్టు

"మోసగాడు" తీసేయండమ్మా. ఆ మాట మీరంటే అది మీ కోపం అవుతుంది. కమిటీ అంటే నిర్ణయం అవుతుంది. "మెట్ల మలుపు దగ్గర తల ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలుగా గీసి ఇచ్చారు, జతపత్రం ఒకటి" అని మొదలుపెట్టండి. ఏం శిక్ష వేయాలో మీరు చెప్పక్కర్లేదు, విచారణ జరపమని కోరితే చాలు. నమూనా, ఫీజు, ఎన్ని కాపీలు పంపాలో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకుని, సంతకాలన్నీ పెట్టి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఫోన్లో ఎవరేం చెప్పినా దాని మీద ఆధారపడకండి.

ఇంతకీ ఆ టైల్స్ బిల్లు మామూలు కాగితమా, మెషిన్లోంచి వచ్చే నున్నటి కాగితమా?

గుంటూరు గృహిణి

నున్నటిదేనండీ. అప్పుడే అంకెలు పల్చబడుతున్నాయి.

హైదరాబాద్ ఆర్కిటెక్టు

అయితే ఫిర్యాదు రేపు రాసుకోవచ్చు. ఇవాళే ఆ బిల్లు ముందూ వెనకా రెండు వైపులా జిరాక్స్ తీయించి, ఫోన్లో ఫోటోలు తీసి, అసలుది ఎండ తగలని చోట కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు.

గుంటూరు గృహిణి

మా అబ్బాయిని జిరాక్స్ షాపుకి పంపానండీ.