వాటర్ సాఫ్ట్‌నర్‌లో దొడ్డుప్పు వెయ్యొచ్చా, టాబ్లెట్ ఉప్పే వెయ్యాలా?

నిజాంపేట ఇల్లు:
మాది నిజాంపేటలో సొంతిల్లు, నలుగురం ఉంటాం. మంచినీళ్ళ నల్లా వంటకీ తాగడానికీ సరిపోతుంది. స్నానాలకీ బట్టలకీ బోరు నీళ్ళే గతి. ఆ నీళ్ళతో పప్పు కూడా ఉడకదు. ఐదేళ్ళ కింద ఇంటి మొత్తానికి నీళ్ళని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ పెట్టించాం. లోపల సున్నాన్ని పట్టుకునే పూసలు, అంటే రెజిన్, 25 లీటర్లు, చేత్తో తిప్పే వాల్వు. అప్పుడు బోరు నీళ్ళ హార్డ్‌నెస్ (కఠినత్వం) లీటరుకి 380 మిల్లీగ్రాములు ఉండేది. ప్రతి ఆదివారం పొద్దున నేనే రీజనరేషన్ చేస్తాను, అంటే ఉప్పునీళ్ళతో రెజిన్‌ని మళ్ళీ పనికొచ్చేలా చేస్తాను. కిరాణా కొట్లో దొరికే దొడ్డుప్పు, ఒక్కో విడతకి నాలుగు కిలోలు.

మూడు నెలలుగా నల్లాల మీద మళ్ళీ తెల్ల మచ్చలు. సబ్బు నురగ రావట్లేదు. గీజర్ కాయిల్ విప్పి చూస్తే సున్నం పేరుకుపోయి ఉంది. సర్వీసు మనిషి వచ్చి, దొడ్డుప్పు వల్లే రెజిన్ పాడైంది, మొత్తం మార్చాలి, ఇకపై శుద్ధి చేసి బిళ్ళలుగా చేసిన టాబ్లెట్ ఉప్పే వాడాలి అన్నాడు. మా బావగారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎనిమిదేళ్ళుగా దొడ్డుప్పే వేస్తున్నారు, ఏమీ కాలేదు. రెజిన్ ఖర్చు చిన్నది కాదు కాబట్టి టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

మల్కాజిగిరి గృహిణి:
దొడ్డుప్పు వల్ల ఏమీ కాదండీ. ఉప్పులో పనిచేసేది సోడియం క్లోరైడ్, అది రెండింట్లోనూ ఉంది. టాబ్లెట్ ఉప్పుకి మా వైపు మూడు రెట్లు ఎక్కువ అడుగుతున్నారు. నేను దొడ్డుప్పుని ఒకసారి నీళ్ళలో జాడించి, పాత చీర గుడ్డలో వడకట్టి డబ్బాలో పోస్తాను. ఆరేళ్ళు అయింది, రెజిన్ మార్చలేదు. కాకపోతే సన్న ఉప్పు మాత్రం వెయ్యకండి. అది అడుగున ముద్దలా గట్టిపడుతుంది, ఉండ కట్టకుండా కలిపే పదార్థం కూడా అందులో ఉంటుంది.

కూకట్‌పల్లి సర్వీస్:
నేను ఈ పనే చేస్తాను. అందరం రెజిన్ అమ్ముకోవడానికే చెబుతామని అనుకోకండి. మేడమ్ గారిలా జాడించి వడకట్టేవాళ్ళు నూటికి ఒకరు కూడా ఉండరు. నేను తెరిచిన ఉప్పు డబ్బాల్లో చాలావాటి అడుగున రెండు మూడు అంగుళాల బురద ఉంటుంది. ఇసుక, ఉప్పు సంచి పోగులు, ఒకసారి చచ్చిన బల్లి కూడా. ఆ బురద ఉప్పునీరు లాగే ఇంజెక్టర్‌లోకి వెళ్ళి చిన్న రంధ్రాన్ని మూసేస్తుంది. అప్పుడు ఉప్పునీరు రెజిన్‌లోకి లాగదు. వాల్వు తిప్పుతారు, నీళ్ళు పోతుంటాయి, రీజనరేషన్ అయిందనుకుంటారు. నిజానికి అది ఉత్త కడుగుడే. పైగా శుద్ధి చెయ్యని ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం కొంత కలిసే ఉంటాయి. మనం తీసెయ్యాలనుకునేవి అవే కదా. అందుకే టాబ్లెట్ ఉప్పు అంటాను.

అయితే ఐదేళ్ళకే రెజిన్ మొత్తం పోయిందని చూడకుండా చెప్పడం తప్పు. బాగా చూసుకుంటే ఎనిమిది పదేళ్ళు వస్తుంది. బోరు నీళ్ళలో ఇనుము ఉంటే మాత్రం రెజిన్ ఎర్రబారి మూసుకుపోతుంది. దానికి కూడా ముందు సిట్రిక్ యాసిడ్‌తో కడిగి చూడాలి, ఆ తర్వాతే మార్చే మాట.

కెమిస్ట్రీ మాస్టారు:
ఉప్పు సంగతి తర్వాత. నిజాంపేట గారూ, ఇప్పుడు మీ బోరు హార్డ్‌నెస్ ఎంత? ఐదేళ్ళనాటి అంకెతో లెక్క కుదరదు.

నిజాంపేట ఇల్లు:
మాస్టారూ, పోయిన ఎండాకాలం ల్యాబ్‌లో ఇస్తే 620 వచ్చింది.

కెమిస్ట్రీ మాస్టారు:
అనుకున్నాను. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం, ఐఎస్ 10500, లీటరుకి 200 మిల్లీగ్రాముల వరకు మంచిదంటుంది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. మీది దాన్నీ దాటింది.

ఇప్పుడు లెక్క చూడండి. లీటరు రెజిన్‌కి 160 గ్రాముల ఉప్పు పెడితే అది సుమారు 50 గ్రాముల హార్డ్‌నెస్ పట్టుకుంటుంది. మీ 25 లీటర్లకి 1,250 గ్రాములు. హార్డ్‌నెస్ 380 ఉన్నప్పుడు ఆ రెజిన్ దాదాపు 3,300 లీటర్లు మెత్తబరిచేది. రోజుకి 500 లీటర్లు వాడినా ఆరున్నర రోజులు, అంటే ఆదివారం నుంచి ఆదివారానికి సరిపోయేది. 620 దగ్గర 2,000 లీటర్లకే అయిపోతుంది. అది నాలుగు రోజులు. మీ ఇంట్లో గురువారం నుంచి ఆదివారం దాకా వచ్చేవి నేరుగా బోరు నీళ్ళే. దొడ్డుప్పు, టాబ్లెట్ ఉప్పు, ఏది వేసినా ఇంతే.

రెజిన్ మార్చే ముందు ఒక పని చెయ్యండి. హార్డ్‌నెస్ చూసే చుక్కల మందు కిట్ కొనండి. నీళ్ళలో చుక్క చుక్కగా వేస్తుంటే గులాబీ రంగు నీలంగా మారుతుంది, ఎన్ని చుక్కలకి మారిందో దాన్నిబట్టి హార్డ్‌నెస్ తెలుస్తుంది. నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు దీనికి పనికిరాదు. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి సోడియం పెడుతుంది కాబట్టి టీడీఎస్ దాదాపు అంతే ఉంటుంది. ఆ మీటరు చూపించి సాఫ్ట్‌నర్ పనిచేయట్లేదని చెప్పేవాళ్ళని నమ్మకండి. రీజనరేషన్ అయిన వెంటనే ఒకసారి, తర్వాత రోజూ పొద్దున ఒకసారి కొలిచి ఇక్కడ రాయండి.

మణికొండ కమిటీ:
అందరూ లోపలికి ఏ ఉప్పు వెళ్ళాలనే మాట్లాడుతున్నారు. బయటికి వచ్చే ఉప్పునీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? మా అపార్ట్‌మెంట్‌లో ఆ పైపుని ఇంకుడు గుంతలో కలిపారు. నీళ్ళు వృథా కాకూడదని మంచి మనసుతోనే కలిపారు. వారానికి నాలుగు కిలోలంటే ఏడాదికి 208 కిలోల ఉప్పు ఒక్క ఇంటి నుంచి. క్లోరైడ్‌ని మట్టి ఆపలేదు, నేరుగా భూగర్భ జలంలోకి దిగుతుంది. పక్కన బోరు ఉంటే అదే నీళ్ళు మళ్ళీ మనకే వస్తాయి. నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) 2002లో వచ్చింది వాన నీటిని భూమిలోకి పంపమని, ఉప్పుని కాదు.

మల్కాజిగిరి గృహిణి:
మరి మురుగు కాలువలోకి వదిలితే? అది మూసీకే కదా పోయేది. ఎక్కడ వదిలినా ఉప్పు ఉప్పే. కనీసం ఇక్కడ మన గుంతలో నీళ్ళన్నా నిలుస్తాయి.

మణికొండ కమిటీ:
మేడమ్, మీ బాధ అర్థమైంది, మూసీ గురించి నాకూ అదే బాధ. కానీ ఉపరితలంలో పారే నీళ్ళు వానకి పలచబడతాయి. గ్రానైట్ రాతి పగుళ్ళలో నిలిచిన నీళ్ళు అంత తేలిగ్గా పలచబడవు. ఆ పగుళ్ళలోంచే కదా మనం తోడుకునేది. ఈ విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేను.

నిజాంపేట ఇల్లు:
వారం గడిచింది. కొలిచినవి రాస్తున్నాను.

ఆదివారం రీజనరేషన్ అయిన గంటకి 180. సున్నాకి దగ్గరగా రావాల్సింది. సర్వీస్ గారు చెప్పింది గుర్తొచ్చి ఉప్పు డబ్బాలో నీటి మట్టం దగ్గర గీత పెట్టి మళ్ళీ వాల్వు తిప్పాను. ఇరవై నిమిషాలైనా గీత దగ్గరే ఉంది. ఉప్పునీరు లాగడమే లేదు.

నీళ్ళు సాఫ్ట్‌నర్‌లోకి వెళ్ళకుండా బైపాస్ తిప్పి, ఉన్న ఉప్పుని మగ్గుతో బకెట్లలోకి తోడేశాను. అడుగున నల్లటి బురద, వేలెడంత మందం. ఫ్లోటు ఉన్న గొట్టం తీసి, డబ్బాని గిన్నెల సబ్బుతో, మెత్తని బ్రష్‌తో రుద్ది మూడుసార్లు కడిగాను. ఇంజెక్టర్ మూత విప్పితే జల్లెడలో ప్లాస్టిక్ సంచి పోగు అడ్డం పడి ఉంది. పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి బిగించాను. మా అబ్బాయి బాత్‌రూమ్ యాసిడ్, బ్లీచింగ్ కలిపి పోద్దామన్నాడు. అవి రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది, వద్దన్నాను. ఎవరూ ఆ పని చెయ్యకండి.

కొత్తగా ఉప్పు వేసి, కరగడానికి నాలుగు గంటలు ఆగి రీజనరేషన్ చేశాను. ఈసారి గీత కిందికి నీళ్ళు దిగాయి. బయటికి వచ్చే నీళ్ళ హార్డ్‌నెస్ 20. మా ఆవిడ తలస్నానం చేసి, ఇన్నాళ్ళకి జుట్టు జుట్టులా ఉందంది. రెజిన్ బాగానే ఉంది. కానీ గురువారం పొద్దునకి 240 చూపించింది. మాస్టారి లెక్క అక్షరాలా నిజం.

కూకట్‌పల్లి సర్వీస్:
చాలా సంతోషం సార్. ఆరు నెలలకోసారి డబ్బా ఇలాగే కడగండి. దొడ్డుప్పే వేస్తానంటే మూడు నెలలకోసారి. సాఫ్ట్‌నర్‌కి ముందు ఇసుక ఆపే ఫిల్టర్ ఉందో లేదో కూడా చూసుకోండి.

కెమిస్ట్రీ మాస్టారు:
నాలుగు రోజులకోసారి చేస్తే ఏడాదికి 365 కిలోల ఉప్పు. అంత పెట్టకుండా దారి ఉంది. ఫ్లష్‌లకీ మొక్కలకీ మెత్తని నీళ్ళు అక్కర్లేదు, మొక్కలకైతే సోడియం చెరుపే. వాటికి సాఫ్ట్‌నర్ ముందు నుంచే వేరే పైపు వేయించండి. వాడకం 300 లీటర్లకి దిగితే మళ్ళీ ఆదివారం ఆదివారం చేసుకోవచ్చు.

నిజాంపేట ఇల్లు:
మాస్టారూ, ప్లంబర్‌తో మాట్లాడాను, ఫ్లష్‌లకి వేరే లైను కుదురుతుందన్నాడు. ఇంకో మాట. మణికొండ గారి పోస్టు చదివాక పెరట్లోకి వెళ్ళి చూశాను. మా సాఫ్ట్‌నర్ పైపు కూడా ఇంకుడు గుంతలోనే ఉంది. బోరు అక్కడికి పన్నెండడుగులు. 380 కాస్తా 620 ఎందుకైందో దీనితోనే చెప్పలేను, ఎండలకి బోరు మట్టం కూడా లోతుకి పోయింది. కానీ ఐదేళ్ళలో వెయ్యి కిలోల ఉప్పు నా చేతులతోనే అందులో పోశాను. ఆ పైపుని డ్రైనేజీ లైనుకి మార్చమని చెప్పాను, బుధవారం వస్తానన్నాడు. దొడ్డుప్పు మాత్రం మానను, మల్కాజిగిరి గారిలా వడకట్టి వేస్తాను.