వింత వికీపీడియా వ్యాసాలు ఇక్కడ రోజూ పెట్టడం అవసరమా?

పాత మాస్టారు (సోమవారం, ఉదయం 7:10)

మూడు నెలలుగా చూస్తున్నాను. రాత్రిడ్యూటీ గారు రోజూ ఒక వింత వికీపీడియా వ్యాసం తెచ్చి పెడుతున్నారు. 1932లో ఆస్ట్రేలియా సైన్యం ఎమూ పక్షుల మీదికి మెషిన్ గన్లతో వెళ్ళిందని ఒకరోజు. 897లో రోములో చచ్చిపోయిన పోపు శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి విచారణ జరిపారని ఇంకోరోజు. నిన్న బోస్టన్‌లో బెల్లం వరద. చదివి అబ్బో అనుకుంటాం, తెల్లారేసరికి మరిచిపోతాం.

నేను ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను. వింత అనగానే మనిషి ప్రశ్న అడగడం మానేస్తాడు. దానికి మన పక్కనే ఉదాహరణ ఉంది. 1640–41లో గోవాలోని బిచోలిం దగ్గర పోర్చుగీసు వాళ్ళకూ మరాఠా సామ్రాజ్యానికీ యుద్ధం జరిగిందని 2007లో ఇంగ్లీషు వికీపీడియాలో ఎవరో వ్యాసం రాశారు. దానికి 'మంచి వ్యాసం' గుర్తింపు కూడా ఇచ్చారు. ఐదేళ్ళకు పైగా అలాగే ఉంది. 2012 చివర ఒకరు కూర్చుని మూలాలు వెతికితే ఆ పుస్తకాలే లేవు, ఆ యుద్ధమూ లేదు. శివాజీ పుట్టింది 1630లో, పట్టాభిషేకం 1674లో. 1640 నాటికి మరాఠా సామ్రాజ్యం ఎక్కడిది? ఎనిమిదో తరగతి పిల్లవాడికి తట్టాల్సిన ప్రశ్న ఐదేళ్ళు ఎవరికీ తట్టలేదు.

ఈ రోజువారీ పోస్టులు ఆపేయాలనే నా ప్రతిపాదన. మీరేమంటారు?

గోదారిగట్టు (7:32)

ఆపొద్దు మాస్టారూ. పొద్దున్నే టీ తాగుతూ చదివేది అదొక్కటే.

రాత్రిడ్యూటీ (8:05)

ఇప్పుడే డ్యూటీ దిగాను. ల్యాబ్‌లో మిషన్‌లో శాంపిల్స్ పెట్టాక రిజల్ట్ వచ్చేదాకా ఖాళీగా ఉంటాను. ఆ టైంలో ఫోన్‌లో వికీపీడియా చదువుతాను. ఒక లింకులోంచి ఇంకో లింకులోకి వెళ్తుంటే రాత్రి రెండింటికి నిద్ర ఆగుతుంది. బాగుందనిపించింది పదిమందికీ చెబుతున్నాను, అంతే.

మాస్టారూ, బిచోలిం సంగతి బయటపెట్టింది కూడా వికీపీడియా చదివే మనిషే కదా. చదివేవాళ్ళు తగ్గితే అబద్ధాలు ఇంకా ఎక్కువకాలం బతుకుతాయి. నేను పెట్టినవాటిలో అబద్ధం ఒక్కటి చూపించండి, తీసేస్తాను.

చెరకుబండి (9:40)

నేను చూపిస్తాను. నిన్న పెట్టిన 'బోస్టన్ బెల్లం వరద' తప్పు. బెల్లం కాదు, మొలాసిస్. షుగర్ ఫ్యాక్టరీ బాయిలింగ్ హౌస్‌లో పందొమ్మిదేళ్ళు చేశాను కాబట్టి చెబుతున్నాను. చెరకు రసాన్ని పెనంలో కాచి అచ్చు పోస్తే బెల్లం, గట్టిగా ఉంటుంది. ఫ్యాక్టరీలో పంచదార పలుకులు విడదీశాక మిగిలే నల్లటి చిక్కటి ద్రవం మొలాసిస్. బెల్లం వరదగా పారదు. టైటిల్ మార్చండి.

రాత్రిడ్యూటీ (9:52)

అన్నా, అందరికీ అర్థం కావాలని బెల్లం అన్నాను. కింద వివరంలో మొలాసిస్ అనే ఉంది.

చెరకుబండి (10:15)

కింద ఎవరు చదువుతారు? అందరూ చదివేది టైటిలే. బెల్లం వరద అనగానే నవ్వు వస్తుంది. నిన్న పోస్టు కింద పన్నెండు మంది నవ్వు బొమ్మలు పెట్టారు. అక్కడ 21 మంది చచ్చిపోయారు.

సిరిమువ్వ (10:21)

ఒక్క పదం కోసం ఇంత పొడుగు చర్చ దేనికండీ?

పాత మాస్టారు (11:00)

చెరకుబండి గారు నా వాదనే బలపరిచారు. వింతగా కనబడాలంటే పదం మార్చాలి, పదం మార్చాక విషయం మారిపోతుంది.

చెరకుబండి (11:08)

నేను మీ వాదన బలపరచలేదు. ఆపేయమని నేను అనలేదు. టైటిల్ మార్చమన్నాను.

రాత్రిడ్యూటీ (సాయంత్రం 6:30)

మార్చాను. 'బోస్టన్ మొలాసిస్ వరద, 1919 జనవరి 15'. చాలా?

మాస్టారూ, వింత అనగానే మనిషి ప్రశ్న అడగడం మానేస్తాడని అన్నారు కాబట్టి ఒకటి చెబుతాను. మా నాన్న లారీ డ్రైవరు. ఇంట్లో ఉన్న పుస్తకాలంటే నా క్లాసు పుస్తకాలే. స్కూల్లో ఏది అడిగినా "సిలబస్‌లో లేదు, కూర్చో" అనేవారు ఒక టీచర్. ఆకాశంలో రంగులు ఎందుకు మారతాయని అడిగినందుకు క్లాసు బయట నిలబెట్టారు. నా ముప్పై నాలుగేళ్ళలో ఎవరూ ఆపకుండా నేను ప్రశ్నలు అడగగలిగింది ఈ ఫోన్‌లోనే. ఇప్పుడు ఇక్కడ కూడా ఒక మాస్టారు వచ్చి కూర్చో అంటున్నారు.

పాత మాస్టారు (6:55)

అమ్మా, ఆ టీచరు చేసింది తప్పు. ఆ తప్పుకు నన్ను బాధ్యుణ్ణి చేయకండి. నేను అడగవద్దని అనలేదు. "ఎవరు చెప్పారు, ఎలా తెలుసు" అని ఇంకో ప్రశ్న కలిపి అడగమంటున్నాను.

గోదారిగట్టు (7:03)

ఇద్దరూ ఒకటే చెబుతున్నట్టుంది నాకు.

రాత్రిడ్యూటీ (మంగళవారం, తెల్లవారుజాము 2:40)

ఈ రాత్రి మన దగ్గరి వ్యాసమే. మాస్టారు తేదీ, ఊరు లేదనకుండా అన్నీ రాస్తున్నాను. కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టు. కొండ మీద మాళ మల్లేశ్వర స్వామి గుడి. విజయదశమి అర్ధరాత్రి కల్యాణం అయ్యాక ఉత్సవ విగ్రహాలను ఊరేగిస్తారు. విగ్రహాల కోసం పల్లెలవాళ్ళు రెండు పక్షాలుగా కర్రలతో తలపడతారు. ప్రతి ఏడూ తలలు పగులుతాయి, గాయాలకు పసుపు అద్దుకుంటారు. పోలీసులు ఎంత చెప్పినా ఆగదు. ఈ కాలంలో కూడా ఇలాంటిది జరుగుతోందంటే నమ్మలేకపోయాను!

సిరిమువ్వ (6:50)

అమ్మో. వీళ్ళు మనుషులేనా?

కోటప్పకొండ కుర్రాడు (7:15)

వీడియో ఉంటే పెట్టండి అక్కా.

ఆలూరు సీమ (8:20)

ఏడాదిగా ఈ వేదికలో ఉన్నా ఒక్క పోస్టు పెట్టలేదు. ఈ రోజు పెట్టక తప్పలేదు.

మనుషులమే అక్కా. మాది దేవరగట్టు కింద పల్లె. తలలు పగలడం అబద్ధం కాదు. మా చిన్నాన్నకు ఆరు కుట్లు పడ్డాయి. ప్రాణాలు పోయిన ఏడాదులూ ఉన్నాయి. ఆ ఇళ్ళవాళ్ళు నాకు తెలుసు, అది మంచిదని నేను అనను. కానీ మీరు రాసిన ఆరు వాక్యాల్లో కర్రలున్నాయి, నెత్తురుంది, పోలీసులున్నారు. మేము లేము. ఆ నెల మేము చెప్పులేసుకోకుండా, మాంసం ముట్టకుండా నిష్ఠలో ఉంటామన్నది లేదు. పాలబాస లేదు. ఎవరు ఎవరి మీద కర్ర ఎత్తుతారో, ఎందుకు ఎత్తుతారో లేదు. ఎమూ పక్షులు, పోపు శవం, బెల్లం వరద, ఆ తరువాత మేము. మమ్మల్ని ఆ వరసలో పెట్టారు.

బెంగళూరులో నేను పనిచేసే చోట ఎవరో వీడియో చూపించి "మీ ఊరా ఇది" అని అందరి ముందూ నవ్వారు. ఇక్కడైనా మన తెలుగువాళ్ళున్నారు కదా అనుకున్నాను.

రాత్రిడ్యూటీ (8:31)

తమ్ముడూ, నేను నవ్వలేదు. ఒక్క నవ్వు బొమ్మ కూడా నేను పెట్టలేదు. వ్యాసంలో ఉన్నదే రాశాను.

ఆలూరు సీమ (8:34)

"ఈ కాలంలో కూడా ఇలాంటిది" అని వ్యాసంలో ఉందా?

రాత్రిడ్యూటీ (8:50)

లేదు. అది నాదే.

సిరిమువ్వ (8:58)

జరుగుతున్నది చెబితే కూడా తప్పేనా? తలలు పగలగొట్టుకోవడం సంస్కృతి అంటే ఒప్పుకోవాలా? ఎవరి మనోభావాలూ దెబ్బతినకూడదంటే ఇక ఏదీ రాయలేం.

ఆలూరు సీమ (9:05)

ఒప్పుకోమని అడగలేదు. తిట్టండి, పర్వాలేదు. తెలుసుకుని తిట్టండి.

పాత మాస్టారు (9:30)

చూశారా, నేను మొదటినుంచీ చెబుతున్నది ఇదే. సరైన మూలాలు లేకుండా...

ఆలూరు సీమ (9:33)

సార్, దయచేసి దీన్ని మీ వాదనకు వాడుకోకండి. మూలాలు లేక కాదు ఇక్కడ ఇబ్బంది. పేపర్లలో ప్రతి ఏడూ వస్తుంది. ఎంతమందికి దెబ్బలు తగిలాయో అంకెతో సహా వస్తుంది. మూలాలన్నీ ఆ అంకె గురించే.

నిర్వాహకుడు (9:45)

అందరూ కాస్త నెమ్మదించండి. వీడియో లింకులు తీసేశాను. చర్చ కొనసాగించవచ్చు.

చెరకుబండి (మధ్యాహ్నం 1:20)

నిన్న ఒక్క పదం కోసం ఇంత చర్చా అని అడిగారు. ఆలూరు తమ్ముడి మాట చదివాక చెప్పాలనిపించింది.

ఆ బోస్టన్ వ్యాసం నేను చివరిదాకా చదివాను. 50 అడుగుల ఎత్తు, 90 అడుగుల అడ్డకొలత ఉన్న ట్యాంకు. అందులో 23 లక్షల గ్యాలన్ల మొలాసిస్. లీటరు నీళ్ళు కిలో తూగితే లీటరు మొలాసిస్ కిలోం బావు దాటి, దాదాపు 1,400 గ్రాములు తూగుతుంది. ట్యాంకు గోడ మీద ఆ బరువు ఎంత పడుతుందో ఆలోచించండి. అది పగిలి 25 అడుగుల అల లేచింది. చలికాలం కావడంతో చల్లబడే కొద్దీ ఇంకా చిక్కబడి, మనుషులూ గుర్రాలూ అందులో ఇరుక్కుపోయారు. ఈ ముక్క అందరూ చదివారు.

చదవంది ఇంకోటి ఉంది. ఆ ట్యాంకు కట్టిన రోజునుంచీ కారుతూనే ఉంది. చుట్టుపక్కల పిల్లలు డబ్బాలు తెచ్చి పట్టుకుపోయేవాళ్ళు. కారుతోందని పనివాళ్ళు చెబితే కంపెనీ ట్యాంకుకు గోధుమ రంగు వేయించింది, కారినా కనబడకుండా. కట్టించడం చూసిన పెద్దమనిషికి డ్రాయింగు చదవడం రాదు. నిండా నీళ్ళు పోసి పరీక్ష చేయాల్సింది ఆరు అంగుళాలు పోసి సరే అన్నారు. పగిలాక అరాచకవాదులు బాంబు పెట్టారని కోర్టులో వాదించారు. 1925లో గానీ తప్పు కంపెనీదేనని తేలలేదు.

మా ఫ్యాక్టరీలో రెండో నంబరు ట్యాంకు కింది రింగు దగ్గర రివెట్లు చెమర్చేవి. పొద్దున షిఫ్టుకు వెళితే రివెట్ల కింద నల్లటి చారలు గోడ వెంట దిగి ఉండేవి, వాటి మీద ఈగలు నల్లగా ముసిరేవి. వేలు పెడితే వేలుకు జిగురు. రిజిస్టరులో మూడుసార్లు రాశాను. మూడోసారి రాశాక తారు పూయించారు. నన్ను యార్డులోకి మార్చారు. మా అదృష్టం బాగుండి క్రషింగ్ సీజను మధ్యలోనే ఆగి ట్యాంకు ఖాళీ అయింది. తరువాత ఫ్యాక్టరీయే మూతపడింది. నా బకాయిలు ఇప్పటికీ రాలేదు.

నాకు ఆ వ్యాసంలో వింత ఏమీ కనబడలేదు. మొత్తం నాకు తెలిసిన సంగతే. అందుకే నవ్వు బొమ్మలు చూస్తే కడుపు మండింది. సరిగ్గా చెప్పడం రాక పదం పట్టుకుని వేలాడాను.

గోదారిగట్టు (1:41)

అన్నా, నవ్వు బొమ్మ పెట్టిన పన్నెండు మందిలో నేనూ ఉన్నాను. తీసేశాను.

రాత్రిడ్యూటీ (సాయంత్రం 7:15)

పగలంతా నిద్ర పట్టలేదు. చెరకుబండి అన్నా, ఆ రంగు వేయించిన సంగతి నేనూ చదివాను. పోస్టులో పెట్టలేదు. పొడుగైతే ఎవరూ చదవరని వదిలేశాను. వింతగా ఉన్న ముక్క పెట్టి, ఎందుకు జరిగిందో చెప్పే ముక్క తీసేశాను. మూడు నెలలుగా ప్రతి పోస్టుకూ అదే చేస్తున్నానని ఇవాళ వెనక్కి వెళ్ళి చూస్తే తెలిసింది.

అయినా మాస్టారూ, ఆపను. ఆపితే చెరకుబండి అన్న రివెట్ల సంగతి మనకు తెలిసేది కాదు. ఆలూరు తమ్ముడు ఏడాది తరువాత నోరు విప్పేవాడు కాదు. రోజూ కాకుండా వారానికి ఒకటి పెడతాను, మొత్తం పెడతాను.

తమ్ముడూ, దేవరగట్టు పోస్టులో నా చివరి వాక్యం తీసేశాను. పాలబాస అంటే ఏమిటో చెబుతావా? నీ మాటల్లోనే కింద పెడతాను.

ఆలూరు సీమ (8:02)

ఉత్సవానికి ముందు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్ళవాళ్ళు ఒకచోట చేరతారు. పాత గొడవలుంటే అక్కడ వదిలేసి, అందరం ఒక్కటిగా ఉండి దేవుణ్ణి కాపాడుకుంటామని పాలు ముట్టుకుని ప్రమాణం చేస్తారు. అదే పాలబాస. ఏడాదంతా మాట్లాడుకోని అన్నదమ్ములు ఆ రోజు పక్కపక్కన నిలబడతారు. మా నాన్న, మా పెదనాన్న పొలం గట్టు తగాదాలో ఎనిమిదేళ్ళు మాట్లాడుకోలేదు. పాలబాస దగ్గర ఒకరి చేతికి ఒకరు పాలు అందించుకోవడం నేను చూశాను. మళ్ళీ ఇంటికొచ్చాక మాటల్లేవు. ఆ తరువాతి ఏడు మాట్లాడుకున్నారు.

పాత మాస్టారు (8:20)

చాలా మంచి విషయం బాబూ. దీన్ని తెలుగు వికీపీడియాలో చేర్చాలి. ఆ అన్నదమ్ముల సంగతికి మూలం ఏమైనా ఉందా?

ఆలూరు సీమ (8:24)

నేనే సార్. చూసినవాణ్ణి.

పాత మాస్టారు (8:31)

అది మూలంగా చెల్లదు. పుస్తకంలోనో పేపర్లోనో వచ్చి ఉండాలి. ఆ నియమం లేకపోతే బిచోలిం లాంటివి వందలు వస్తాయి.

ఆలూరు సీమ (8:33)

తెలుసు సార్. కాదనను. పేపరువాళ్ళు ప్రతి ఏడూ వస్తారు, అర్ధరాత్రి కొండ దగ్గరికి వస్తారు. పాలబాస రోజున కూడా ఒక్కరైనా వచ్చి అన్నదమ్ములను చూసి రాస్తే బాగుండును.