చందుర్తి యుద్ధం నాటికి కోనసీమ శిస్తు ఎవరి చేతికి వెళ్లేది?

మాది యానాంకు ఎదురుగా, గౌతమి ఒడ్డునున్న పల్లె. రేవులో నిలబడితే 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఊరు అవతలి గట్టున కనిపిస్తుంది. బహుశా అందుకే ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

1748లో హైదరాబాదు నిజాం నిజాముల్ ముల్క్ మరణించాక వారసుల తగవులో ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు చెరో పక్షం చేరారు. 1751లో ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో గద్దెనెక్కిన ఆయన కుమారుడు సలాబత్ జంగ్, బుస్సీ సైన్యం జీతాల కోసం 1753లో రాజమహేంద్రవరంతో సహా నాలుగు సర్కారుల (కోస్తా జిల్లాల) ఆదాయాన్ని ఫ్రెంచివారికి రాసిచ్చాడు. గద్దెను కాపాడుకోవడానికి రాబడినే వదులుకున్న ప్రభువు మాట ఇక్కడ ఎవరు వింటారు? 1758 డిసెంబరులో చందుర్తి వద్ద విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు తోడుగా ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోగానే, ఫ్రెంచివారికి సాయంగా వచ్చిన సలాబత్ జంగే మే నెలలో ఇంగ్లీషువారితో ఒప్పందం చేసుకున్నాడు.

ఈ కొద్ది నెలల్లో మా లంకల రైతు పండించిన ధాన్యంపై శిస్తు వసూలు చేసిందెవరు? ఇరుపక్షాలూ అడిగితే రెండుసార్లు కట్టవలసి వచ్చిందా? కైఫియత్తులు (ఊళ్ల చరిత్ర రాతలు) గానీ ఇంగ్లీషు కంపెనీ మద్రాసు కౌన్సిల్ లేఖలు గానీ చదివినవారు ఎక్కడ వెతకాలో దయచేసి తెలియజేయగలరు.