డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే బ్యాంక్ యాప్ తెరుచుకోవట్లేదు

ప్రశ్న:
మాదాపూర్‌లో యాండ్రాయిడ్ టెస్టింగ్ పని. రోజంతా డెవలపర్ ఆప్షన్స్‌లోని యూఎస్‌బీ డీబగ్గింగ్ (కేబుల్‌తో కంప్యూటర్ నుంచి ఫోన్‌ని పరీక్షించే సెట్టింగ్) ఆన్‌లోనే ఉంటుంది. కొత్త అప్‌డేట్ వచ్చాక బ్యాంక్ యాప్ "డెవలపర్ ఆప్షన్స్ ఆపండి" అని మూసుకుపోతోంది. వర్క్ ప్రొఫైల్‌లో (ఫోన్‌లో ఆఫీస్ యాప్‌లకుండే విడి భాగం) వేసినా అంతే. ఫోన్ నాది, షరతులు వాళ్లవి! రూట్ చేసి (ఫోన్ సిస్టమ్‌పై పూర్తి అధికారం తీసుకుని) ఈ సంగతి దాచేస్తే పనవుతుందా?

జవాబు 1:
ఆ సెట్టింగ్ ఫోన్ మొత్తానికి ఒక్కటే, అందుకే ఏ ప్రొఫైల్‌లో వేసినా యాప్‌కి కనబడిపోతుంది. ముందు యూఎస్‌బీ, వైర్‌లెస్ డీబగ్గింగ్ రెండే ఆపి చూడండి, కొన్ని యాప్‌లకు అది చాలు. లేదంటే పైనున్న మెయిన్ స్విచ్చే ఆపాలి. అప్పుడు లోపల మార్చుకున్నవి కొన్ని మొదటికొస్తాయి.
స్క్రీన్ షేరింగ్ లాంటి రిమోట్ యాక్సెస్ యాప్‌లను వీలైనంత వరకు గుర్తించి లాగిన్ ఆపమని బ్యాంకులకు 2021 ఫిబ్రవరి ఆర్బీఐ ఆదేశాల్లోనే ఉంది. అది సబబే. కానీ జనం మోసపోతున్నది కేబుల్‌తో కాదు, వాట్సాప్‌లో "ట్రాఫిక్ చలాన్" పేరుతో వచ్చే ఏపీకేకి (ప్లే స్టోర్ బయట నుంచి వచ్చే యాప్ ఫైల్) ఎస్సెమ్మెస్, యాక్సెసిబిలిటీ (స్క్రీన్ చదివి మీ బదులు నొక్కగలిగే) పర్మిషన్లు ఇచ్చి.

జవాబు 2:
రూట్ జోలికి పోకండి అన్నా. దానికోసం బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ని తెరిచే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేస్తే ఫోన్‌లో డేటా మొత్తం చెరిగిపోతుంది, ప్లే ఇంటెగ్రిటీలో (ఫోన్ నమ్మదగినదా అని యాప్‌లు గూగుల్‌ని అడిగే తనిఖీ) డివైస్ స్థాయి పోతుంది. రూట్‌ని దాచే మాడ్యూల్ (అదనపు ప్రోగ్రామ్) ఇవాళ పనిచేసినా రేపటి అప్‌డేట్‌కి దొరికిపోతుంది. అసలు చిక్కు డబ్బు పోయినప్పుడు. 2017 జూలై 6న ఆర్బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం తప్పు మూడో వాళ్లదైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో చెప్తే మీకు నష్టం సున్నా. తప్పు ఖాతాదారుదని నిరూపించాల్సింది బ్యాంకే. రూట్ దాచి వాడితే ఆ సాక్ష్యం మీరే చేతికిచ్చినట్టు.

జవాబు 3:
బ్యాంక్ యాప్‌కి రెండో ఫోనే మేలు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో పాతది కొన్నా సరే, రెండు చూడండి: ఆన్ చేయగానే బూట్‌లోడర్ అన్‌లాక్ హెచ్చరిక రాకూడదు, ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ కింద డివైస్ సర్టిఫైడ్ అని ఉండాలి. సెక్యూరిటీ ప్యాచ్ తేదీ మరీ పాతదైతే వదిలేయండి.
బ్యాంకులో ఇచ్చిన నంబర్ సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి. యూపీఐ రిజిస్ట్రేషన్‌కి దాన్నుంచే ఎస్సెమ్మెస్ వెళ్తుంది, బ్యాలెన్స్ లేకపోతే అక్కడే ఆగిపోతుంది. ఫోన్ మార్చాక మొదటి 24 గంటలు యూపీఐలో ₹5,000 దాటి పంపలేరు. అద్దె కట్టే రోజున మార్చకండి.

ప్రశ్న అడిగినవారు:
సిమ్ అటు మారిస్తే ఆఫీస్ కాల్స్?

జవాబు 3:
ఇప్పుడు ఆఫీస్ పనికి వాడే ఫోన్‌కి ఇంకో నంబర్ తీసుకుని, బ్యాంక్ నంబర్ నుంచి దానికి కాల్ ఫార్వర్డింగ్ పెట్టండి. కాల్స్ మాత్రమే వస్తాయి, ఓటీపీలు బ్యాంక్ ఫోన్‌లోనే ఉంటాయి.