కేట్ జాక్సన్ సీరియళ్ళు ఏ వరుసలో చూడాలి? సినిమా ఎందుకు అందలేదు?

పాతతెర:
ముగ్గురు ఆడ డిటెక్టివ్‌ల అమెరికన్ సీరియల్ చార్లీస్ ఏంజెల్స్‌లో సబ్రీనా డంకన్‌గా వేసిన కేట్ జాక్సన్ మిగతా పని కూడా చూడాలని ఉంది. డార్క్ షాడోస్ మొదటి నుంచి పెడితే ఎంతకీ ఆవిడ కనబడదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకో సందేహం. క్రేమర్ వర్సెస్ క్రేమర్ సినిమాలో మెరిల్ స్ట్రీప్ వేసిన పాత్ర ముందు ఈవిడకే వచ్చిందంటారు. తనే వదులుకుందా, వదులుకోవాల్సి వచ్చిందా? ముగ్గురు హీరోయిన్లున్న సీరియల్లో ఒకరికి కొన్నాళ్ళు సెలవివ్వలేరా?

రీలుబండి:
డార్క్ షాడోస్‌ని ఒకటో నంబరు నుంచి చూస్తే మీ ఓపిక అయిపోతుంది గానీ ఆవిడ రాదండి. 1966లో మొదలై 1971 ఏప్రిల్‌లో ఆగిన దయ్యాల పగటి సీరియల్ అది, నంబర్లు 1245 దాకా వెళ్ళాయి. కేట్ చేరింది 1970లో. అదీ మొదట మాటల్లేని దయ్యంగా! డాఫ్నీ హారిడ్జ్ అనే ఆ పాత్ర నోట డైలాగు వినాలంటే కథ 1840కి వెళ్ళే భాగం పట్టుకోవాలి. అదే బృందం 1971లో తీసిన నైట్ ఆఫ్ డార్క్ షాడోస్ సినిమాలో ఆవిడ ట్రేసీ. చూస్తుంటే సీన్లు అతుకులేసినట్టు ఉంటాయి. నటుల తప్పు కాదు. విడుదలకు ముందు స్టూడియో పట్టుబట్టి అరగంటకు పైగా కోయించింది, అదీ ఒక్క రోజు గడువులో.

ద రూకీస్ (1972–76) మొత్తం చూడక్కర్లేదు. కుర్ర పోలీసుల కథ. ఈవిడ వాళ్ళలో ఒకరి భార్య, నర్సు జిల్ డాంకో. రెండు మూడు ఎపిసోడ్లు చాలు. కాకపోతే భర్తగా వేసిన శామ్ మెల్విల్ మొహం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మీరు అసలు చూడాల్సింది స్కేర్‌క్రో అండ్ మిసెస్ కింగ్. సీబీఎస్ చానెల్లో 1983 అక్టోబరు నుంచి 1987 మే దాకా, నాలుగు సీజన్లు, 88 ఎపిసోడ్లు. విడాకులు తీసుకున్న ఇల్లాలు అమాండా కింగ్ అనుకోకుండా గూఢచారి సంస్థలో పడుతుంది. ఇంట్లో తల్లికీ ఇద్దరు కొడుకులకీ ఆ సంగతి తెలియకూడదు. సబ్రీనాలో అణచిపెట్టిన హాస్యమంతా ఇక్కడ బయటికొస్తుంది. నా లెక్కలో ఆవిడ చేసిన వాటిలో ఇదే మేటి. వరుస తప్పించకండి, గూఢచారిగా వేసిన బ్రూస్ బాక్స్‌లైట్నర్‌తో అనుబంధం ఎపిసోడ్ వెంట ఎపిసోడ్ పెరుగుతూ పోతుంది. అమాండా మాజీ మొగుడు జో కింగ్‌గా వచ్చేది మళ్ళీ ఆ శామ్ మెల్విలే.

నాలుగో సీజన్ చివర్లో ఆవిడ తక్కువగా కనిపిస్తుంది. 1987 జనవరిలో రొమ్ము క్యాన్సర్ బయటపడి చికిత్స మొదలైంది. అందుకే రహస్యంగా పెళ్ళయిన జంటని తెర మీద సరిగా చూపించకుండానే కథ ముగిసింది.

కాల్షీట్ల లెక్క:
రెండో ప్రశ్నకి నేను చెప్తాను. వదులుకోలేదు, డేట్లు కుదరలేదు.

ఆ రోజుల్లో గంట నిడివి ఎపిసోడ్‌కి సుమారు ఏడు పనిరోజులు. ఏడాదికి ఇరవై రెండు ఎపిసోడ్లనుకున్నా 154 రోజులు, వారానికి ఐదు చొప్పున ముప్పై వారాలు దాటుతుంది. అంటే ఎండాకాలంలో మొదలైతే మళ్ళీ వసంతం వచ్చేదాకా ఖాళీ లేదు. క్రేమర్ షూటింగ్ 1978లో, న్యూయార్క్‌లో. సీరియల్ పని లాస్ ఏంజిలస్‌లో. రెండు తీరాల మధ్య వారాంతాల్లో తిరిగి చేసే పాత్ర కాదది.

ముగ్గురున్నారు కదా అంటే, ముగ్గురూ ప్రతి కథలో ఉండాలి. కేసు అప్పజెప్పే ఆఫీసు సీను, చివర మళ్ళీ ఆఫీసు సీను, రెంటికీ ముగ్గురూ కావాలి. మధ్యలో ఒకరి భాగం తగ్గించొచ్చు గానీ, లెక్కలు కలిపి కేసు విప్పేది ఎక్కువగా సబ్రీనానే. పైగా మొదటి సీజన్ కాగానే ఫారా ఫాసెట్ వెళ్ళిపోయి, చెరిల్ లాడ్‌ని తెచ్చి నిలబెట్టుకున్నారు. నిర్మాత ఆరన్ స్పెల్లింగ్ షెడ్యూల్ మార్చడానికి ఒప్పుకోలేదు. స్ట్రీప్‌కి ఆ పాత్రకే సహాయనటి ఆస్కార్ వచ్చింది. 1979లో మూడో సీజన్‌తో కేట్ బయటికొచ్చింది, ఆ స్థానంలో షెల్లీ హాక్ చేరింది.

మూడో వరస:
పై లెక్క ఒప్పుకుంటాను గానీ, ఆ ఒక్క సినిమా పోవడం వల్లే వెళ్ళిపోయిందని తేల్చడం సరికాదు. స్క్రిప్టులు నీరుగారిపోతున్నాయని ఆవిడ ముందు నుంచీ బాహాటంగానే అంటూ వచ్చింది. అనే హక్కూ ఉంది. సీరియల్‌కి ముందు అనుకున్న ద ఆలీ క్యాట్స్ పేరు నచ్చక, ఏంజెల్స్ అనే మాట ఇచ్చిందే ఆవిడ.

సినిమాల్లో చూడాల్సింది ఒకటే, 1982 నాటి మేకింగ్ లవ్. దర్శకుడు ఆర్థర్ హిల్లర్. తాను మగవాళ్ళను ఇష్టపడతానని భర్త ఒప్పుకుంటే భార్యకు ఏమవుతుందన్నది కథ. పెద్ద స్టూడియో అప్పట్లో ఆ విషయం ముట్టుకోవడమే సాహసం. టికెట్లు తెగలేదు. బుల్లితెర తారని పెద్దతెరకి ఎక్కించే దారి దాంతో ఇంకా ఇరుకైంది. ఏడాది తిరిగేసరికి మళ్ళీ టీవీకే. తర్వాత డయాన్ కీటన్ సినిమా బేబీ బూమ్‌ని 1988లో సీరియల్‌గా తీస్తే అందులో వేసింది, అది ఒక్క సీజనే. 1989లో క్యాన్సర్ తిరగబెట్టింది, 1995లో పుట్టుకతో ఉన్న గుండె రంధ్రానికి ఆపరేషన్. టీవీ సినిమాలు చేస్తూ వచ్చింది గానీ వారం వారం మోసే బరువైన సీరియల్ మళ్ళీ రాలేదు. 2007లో క్రిమినల్ మైండ్స్ సీరియల్లో ఎమిలీ ప్రెంటిస్ అనే పాత్రకి తల్లిగా, రాయబారి పాత్రలో ఒక ఎపిసోడ్ ఉంది. చిన్నదే, చూడండి.

పాతతెర:
ధన్యవాదాలండీ. ఇంకొక్కటి. నా దగ్గరున్న ఏంజెల్స్ ఎపిసోడ్లు కొన్ని 49 నిమిషాలు, కొన్ని 47, కొన్ని 44. కోసేశారా?

రీలుబండి:
44 ఉన్నవి అనుమానించండి. పునఃప్రసారాల్లో ప్రకటనలకి చోటు కోసం కత్తిరించిన ప్రింట్లు అలా ఉంటాయి. ముందు పోయేది ఆఫీసు సీన్లలో మాటలూ, చివరి సరదా సీనూ. అంటే సబ్రీనా భాగమే.

47 ఉన్నవి యూరప్ డిస్కులు అయ్యుండొచ్చు. సెకనుకి 24 ఫ్రేముల ఫిల్ముని అక్కడ 25గా తిప్పుతారు, నాలుగు శాతం వేగం పెరుగుతుంది. 49ని 1.04తో భాగిస్తే 47 వస్తుంది చూడండి. సీను ఒక్కటీ పోదు, గొంతులు మాత్రం కాస్త సన్నగా వినిపిస్తాయి. టైటిల్ పాట రెండు ఫైళ్ళలో పక్కపక్కన పెట్టి వింటే శ్రుతి తేడా తెలిసిపోతుంది. శ్రుతి ఒకటే ఉండి నిడివి తగ్గితే అది కోతే.

1976 మార్చి 21న వచ్చిన పైలట్ (సీరియల్‌కి ముందు నమూనాగా తీసిన ఎపిసోడ్) సంగతి వేరు. అది గంటన్నర స్లాటుకి తీసింది, కొన్ని డిస్కు సెట్లలో రెండు ముక్కలు చేశారు. ఎపిసోడ్ నంబర్లు ఒకటి అటూ ఇటూ అయితే ముందు అక్కడ చూసుకోండి.