పెట్ట కూస్తే కొంప మునుగుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి సియోల్‌లో చదువుకుంటోంది. అక్కడి ఎన్నికల కబుర్ల మధ్య ఒక పెద్దావిడ "అమ్తల్గి ఉల్మ్యన్ జిబని మంగ్‌హంద" అన్నారట. కోడిపెట్ట కూస్తే ఇల్లు నాశనమని అర్థమట. దీని పుట్టుక ఏమిటి? మనకూ ఇలాంటిది ఉందా మాష్టారూ?

జవాబు: మంచి మాట పట్టుకొచ్చావమ్మా. ముందు ఆ క్రియ చూడు. కొరియన్‌లో కోడి కూసినా, మనిషి ఏడ్చినా "ఉల్ద" అనే అంటారు. మనకు కూత వేరు, ఏడుపు వేరు. అందుకే ఆ సామెతలో నాకు రెండూ వినిపిస్తాయి. ఆడది గొంతెత్తితే చాలు, అది ఆజ్ఞయినా ఏడుపైనా ఇంటికి చేటే అన్నట్టు. "మంగ్" చైనా నుంచి వచ్చిన మాట. కొంపలు మునిగినా, రాజ్యాలు కూలినా అదే వాడతారు.

మూలం చైనా తత్త్వవేత్త కన్ఫ్యూషియస్ సంప్రదాయపు పంచ గ్రంథాల్లో ఒకటైన శుజింగ్‌లో ఉంది. షాంగ్ రాజు మీద యుద్ధానికి బయల్దేరిన జౌ వంశపు వూ రాజు సైన్యం ముందు నిలబడి, "పెట్ట తెల్లవారుజామున కూయదు, కూస్తే ఆ ఇంటికి చేటు అని పెద్దలన్నారు. ఈ రాజు పెళ్లాం మాటే వింటున్నాడు" అంటాడు. గమనించు, అది శత్రువు మీద మోపిన నేరం. రాజ్యం ఆక్రమించడానికి చూపిన సాకుల్లో ఒకటి. యుద్ధానికి ముందు అన్న ఆ మాటే తర్వాతివాళ్ల చేతిలో ఆడవాళ్లందరికీ కట్టుబాటైంది.

కొరియాలో 632 నుంచి 647 దాకా సిల్లా రాజ్యాన్ని సొందొక్ రాణి ఏలింది. గ్యోంగ్‌జులో ఇప్పటికీ నిలిచివున్న చోమ్‌సోంగ్‌దే నక్షత్రశాల ఆమె కాలంలో కట్టిందే. 647లో బిదామ్ అనే పెద్ద మంత్రి "ఆడ ఏలిక సరిగా పాలించలేదు" అంటూ తిరగబడి ఓడిపోయాడు. ఆ తర్వాత గద్దెనెక్కింది కూడా రాణే, చిందొక్. ఇంకో ఇరవై ఏళ్ల చిల్లరకే సిల్లా, చైనా సైన్యం తోడుతో, తన పొరుగు రాజ్యాలు రెండింటినీ పడగొట్టింది. ఇదంతా తెలిసి కూడా కన్ఫ్యూషియన్ పండితుడు కిమ్ బుసిక్, 1145లో పూర్తిచేసిన చరిత్రలో, ఈ కోడిపెట్ట మాటే ఉదహరించి, దేశం నాశనం కాకపోవడం అదృష్టమన్నాడు. ఆయన లెక్క ఎక్కడ తప్పిందో ఆయన పుస్తకంలోనే కనిపిస్తుంది. నాకు ఆ పేరా చదివినప్పుడల్లా కడుపు మండుతుంది.

ఇంకో సభ్యురాలు: అయితే ఇప్పటికీ అక్కడి చట్టసభలో ఆడవాళ్లు తక్కువగా ఉండటానికి ఈ సంస్కృతే కారణమంటారా?

జవాబు: సంస్కృతి ఒక్కటే అయితే తైవాన్ కథ వేరుగా ఉండకూడదమ్మా. అదే కన్ఫ్యూషియన్ వారసత్వం, అయినా తైవాన్ చట్టసభలో స్త్రీలు నూటికి నలభై దాటారు. కొరియాలో 2024లో మూడువందల స్థానాల్లో అరవై మంది. తేడా చట్టంలో ఉంది. తైవాన్ 1947 రాజ్యాంగంలోనే స్త్రీలకు స్థానాలు కేటాయించింది. 2005 సవరణతో పార్టీ జాబితాలో, అంటే పార్టీకి పడ్డ ఓట్ల లెక్కన పంచే స్థానాల్లో, సగం స్త్రీలకే దక్కాలంది. కొరియాలోనూ జాబితాలో సగం ఉండాలి గానీ, ఆ స్థానాలు నలభై ఆరే. మిగతా 254 నియోజకవర్గాల్లో పార్టీలు ఎంతమందిని నిలబెట్టాలన్న గట్టి నియమం లేదు.

ఇక మన సంగతి. "ఆడపెత్తనం" అనే మాట మనకుంది, మగపెత్తనానికి వట్టి "పెత్తనం" చాలు. కానీ తెల్లవారుజామూ కోడీ ఆడమనిషీ కలిసిన సామెత మనది వేరు. నా కోడీ నా కుంపటీ లేకపోతే తెల్లారదనుకున్న ముసలమ్మది. అందులో చేటు లేదు, గర్వం ఉంది. 1979లో కొరియా ప్రతిపక్ష నాయకుడు కిమ్ యంగ్‌సామ్‌ను పార్లమెంటు నుంచి వెలివేసినప్పుడు ఆయన "కోడి మెడ విరిచినా తెల్లవారక మానదు" అన్నాడు. ముసలమ్మకు చెప్పాల్సిన జవాబులా లేదూ!

ప్రశ్న అడిగిన ఆమె: మా అమ్మాయి ఇంకోటి చెప్పింది. ఇప్పటి కొరియన్ ఆడపిల్లలు ఆ సామెతకు "పెట్ట కూస్తే గుడ్డు పెడుతుంది" అని జవాబిస్తారట.

జవాబు: బంగారం లాంటి మాట తెచ్చావు తల్లీ. మరి గుడ్డు పెట్టి పెట్ట అరిచే ఆ అరుపుకు మీ వైపు ఏ క్రియ వాడతారు? జిల్లా పేరుతో సహా రాయండి.