అప్‌డేట్: ‘కరములు కరములు’ యమకమా, లాటానుప్రాసమా? తేలిపోయింది

మా పాప పదో తరగతి గైడులో ‘కమలాక్షు నర్చించు కరములు కరములు’ దగ్గర అలంకారం యమకం (అదే మాట వేరే అర్థంతో మళ్లీ రావడం) అని జవాబు ఉందని, పాప మాత్రం లాటానుప్రాసం (అదే మాట అదే అర్థంతో, తాత్పర్యం మాత్రం మారి రావడం) అని రాస్తే మార్కు కొట్టేశారని అడిగాను కదా. సాయం చేసిన అందరికీ థాంక్స్.

జవాబు లాటానుప్రాసమే. రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన్ని అడిగితే రెండు నిమిషాల్లో తేల్చేశారు. రెండు ‘కరములు’కీ అర్థం చేతులే, కాకపోతే రెండోది ‘అవే అసలైన చేతులు’ అంటోంది, అంటే మారింది తాత్పర్యం ఒక్కటే. యమకంలో అర్థమే మారాలి. ‘లేమా! దనుజుల గెలువఁగ లేమా?’లో మొదటిది కృష్ణుడు సత్యభామని ‘ఓ అమ్మాయీ’ అని పిలవడం, రెండోది ‘మేం గెలవలేమా’ అని. అదే పద్యంలో తర్వాత ‘రా లే, మాను’ (లేచి రా, మానెయ్), ఆపైన ‘లే మా విల్లందికొనుము’ అని పదాలు విరిచి మళ్లీ అదే మోత వినిపిస్తాడు పోతన, ఆ తుంటరితనం నాకు భలే నచ్చింది. ఇక్కడ ‘అర్థం మారిందా, తాత్పర్యమే మారిందా చూడండి’ అన్నవాళ్ల సలహానే పనిచేసింది.

అప్పుడు వచ్చిన ‘పద్యం సీసమా కందమా’ అన్న ఛందస్సు చర్చకి దీనితో సంబంధం లేదు. రెండు మాటల మధ్య ఎడం ఉందా లేదా అన్నది ‘వంద వందనాలు’ లాంటి ఛేకానుప్రాసం (హల్లుల జంట వేరే అర్థంతో వెంటనే మళ్లీ రావడం) దగ్గర పనికొస్తుంది గానీ ఇక్కడ కాదు.

టీచరుకి ఇదే చూపిస్తే మార్కు వేశారు.